మా తోటికోడలి కోలలు

మా తోటికోడలు పచ్చకామెర్లతో పోయిందని నేనే చెప్పాను. పంజాగుట్టలో ఒక చిన్న గుడి వెనక రేకుల షెడ్డులో, ఒక గురువారం సాయంత్రం, పద్నాలుగు మంది ఆడవాళ్ల ముందు. చెబుతుంటే గొంతు వణికింది. ఆ వణుకు నేను పెట్టింది కాదు, దానంతట అదే వచ్చింది. ఆమె అసలు పుట్టనే లేదన్న సంగతి ఆ షెడ్డులో నాకొక్కదానికే తెలుసు.

అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల గల్లీ ఒకదాంట్లో, జిరాక్స్ షాపులో కంప్యూటర్ ముందు కూర్చోవడం నా ఉద్యోగం. పనుల కోసం తిరిగే పిల్లలు వస్తారు, వాళ్ల రెజ్యూమెలు టైపు చేస్తాను. అనుభవం అన్న గడిలో ఏం రాయాలో వాళ్లకు తెలియదు. నాకు తెలుసు. నిన్న సాయంత్రం ఊరి నుంచి బస్సు దిగిన పిల్లకు కూడా ఇవాళ మధ్యాహ్నానికల్లా నా చేతి మీదుగా మూడేళ్ల అనుభవం వచ్చేస్తుంది. నేను రాసిన అనుభవాలన్నీ వరసగా పేర్చుకుంటూ వెనక్కి పోతే, హుస్సేన్‌సాగర్ తవ్వుతున్న కూలీలు ఎదురొస్తారు.

ఇంటి దగ్గర మాత్రం నా కథలు వినేవాళ్లు లేరు. ఎస్.ఆర్. నగర్ వైపు గల్లీలో మేడ మీద ఒక గది. ఆయన పోయి తొమ్మిదేళ్లు. పిల్లలు కలగలేదు. సాయంత్రం ఐదింటికి షాపు నుంచి బయటపడితే మర్నాడు పదింటి దాకా నా గొంతుకు పని ఉండదు. పొద్దున షాపులో మొదటి మాట బొంగురుగా వచ్చేది. జలుబా అని అడిగేవారు. అవుననేదాన్ని. పదిహేడు గంటలుగా వాడలేదని చెబితే ఏం బాగుంటుంది?

మోకాళ్లు పట్టేస్తుంటే డాక్టరు నడవమన్నాడు. మెట్రో స్తంభాల కిందుగా అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచేదాన్ని. రైల్లో పోవచ్చు కదా అంటారేమో. అమీర్‌పేట స్టేషన్‌లో ఒకసారి దారి తప్పాను. నేనెక్కాల్సిన రైలు దొరికేసరికి సంచిలోని పచ్చి అరటికాయలు పండిపోయాయి. అప్పటి నుంచి నడకే.

అలా నడుస్తున్న ఒక శనివారం, గుడి సందులోంచి టకటకమని చప్పుడు వినిపించింది. పోయి చూస్తే రేకుల షెడ్డులో ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ కోలాటం ఆడుతున్నారు. అందరూ నా ఈడువాళ్లే, ఒకరిద్దరు ఇంకా పెద్దవాళ్లు. చెమటలు, నవ్వులు. మధ్యలో నిలబడి లెక్క చెబుతున్నావిడ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైందట. అందరూ టీచరమ్మ అంటారు. నన్ను చూసి చెయ్యెత్తింది. ఆట ఆగింది.

"ఏం గావాలె?"

"నేను సుత నేర్చుకుంట."

"జత ఉన్నదా?"

"జతనా?"

"ఒక్కదానివే వస్తె నేనేం జెయ్యాలమ్మా? నీ కోల ఎవ్వల కోలకు గొడ్తవ్, గాలికా? మేం పద్నాలుగు మందిమి, ఏడు జతలు. నీ జతను దెచ్చుకొని రా, ఇద్దరిని ఒక్కతాన నిలవెడ్త."

అందరూ నన్నే చూస్తున్నారు. జత లేదని చెప్పి వెనక్కి తిరగడానికి అట్టే సేపు పట్టదు. కానీ నోరు ముందే తెరుచుకుంది.

"మా యారాలు వస్తదమ్మా. ఖైరతాబాద్‌ల ఉంటది. ఆమెకు మూడేండ్ల అనుభవం."

యారాలు అంటే తోటికోడలు. ఆయనకు అన్నదమ్ములే లేరు. వరస ఎందుకలా వచ్చిందో నాకూ తెలియదు. మూడేళ్ల అనుభవం మాత్రం చేతి అలవాటు.

"మరి ఎన్నడొస్తది?"

"వచ్చే వారం."

"అయితె అప్పటిదాంక గా ఖంభంతోని గొట్టు" అని షెడ్డు మూల ఇనప స్తంభం చూపించింది టీచరమ్మ. లోపలికి పోయి రెండు జతల కోలలు తెచ్చి ఇచ్చింది, ఒకటి నాకు, ఒకటి మా యారాలికి.

వచ్చే వారం యారాలు రాలేదు. వాళ్ల పెద్దమ్మాయికి పెళ్లిచూపులు. ఆ తర్వాత వారం ఆమె కాలు బెణికింది. తర్వాత యాదగిరిగుట్టకు పోయింది. నేను స్తంభంతో ఆడుతూనే ఉన్నాను. గురువారం, శనివారం, ఐదున్నరకు. నాలుగు వారాలకు మోకాలి పట్టు వదిలింది. ఎడమ చెయ్యి అనేది ఒకటుందని యాభై రెండేళ్ల వయసులో తెలిసింది. అప్పటిదాకా అది సంచి పట్టుకోవడానికే అనుకున్నాను. పాదం ఒక లెక్కలో, చెయ్యి ఇంకో లెక్కలో పోతుంటే బుర్రలో వేరే ఆలోచనకు చోటుండదు. కోలాటమాడిన రోజు పడుకోగానే నిద్ర పట్టేది.

కానీ నాకు కావలసింది అది కాదు. ఆ గుండ్రంలో ఒక జత ఇంకో జతను దాటేటప్పుడు ఎదుటి మనిషి కళ్లలోకి చూడాలి. కోలను చూస్తే వేళ్లు చితుకుతాయి, కళ్లను చూస్తేనే దెబ్బ సరిగ్గా పడుతుంది. అలా పద్నాలుగు మందీ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటూ పోతుంటే, నేను మూలన నిలబడి స్తంభం మీది తుప్పు మచ్చలను చూస్తుండేదాన్ని. దాని మీద ప్రతి మచ్చా నాకు గుర్తే. ఒకటి అచ్చం మా మేనత్త మొహంలా ఉంటుంది.

ఇంట్లో కిటికీ ఊచలతో ఆడేదాన్ని. కింద ఉండే ఇంటామెకు చప్పుడు ఇబ్బందేమోనని గుడ్డ చుట్టాను. తర్వాత, ఊచలతో ఆడటం కన్నా యారాలితో ఆడుతున్నాననుకోవడం తేలికనిపించింది. ఆమె కోలలు కిటికీ పక్క మేకుకు తగిలించాను. ఆమె నాకన్నా కొంచెం పొడుగు. లెక్క తప్పితే నాలుక కరుచుకుంటుంది. "ఏందే, మళ్ల తప్పితివి" అనేదాన్ని. ఆ మాట బయటకే అన్నానని కొన్నాళ్లకు గమనించాను. పొద్దున షాపులో గొంతు బొంగురుపోవడం లేదు.

షెడ్డులో విరామం పది నిమిషాలు. అప్పుడు అందరూ నా చుట్టూ చేరేవారు, యారాలి సంగతులు వినడానికి. ఆమె జడ ఎంత పొడుగంటే, మేడ మీద తల దువ్వుకుంటుంటే కింద కూరగాయల బండామె తాడనుకుని దానికి బుట్ట కట్టేసింది. యారాలు తల విదిలించేసరికి రెండు కిలోల టమాటాలు మేడ మీదికొచ్చి పడ్డాయి. ఈ కథ నాచేత నాలుగుసార్లు చెప్పించుకున్నారు. అందరికన్నా ఎక్కువగా నవ్వేది రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డావిడ.

"ఏంటండీ మీ తోటికోడలు! ఆవిణ్ని చూడకుండా ఉండలేనండీ నేను. ఒక్కసారి తీసుకురండి" అనేది కళ్లు తుడుచుకుంటూ.

తీసుకురమ్మని ఒత్తిడి పెరిగాక ఆమెకు పచ్చకామెర్లు తెప్పించాను. అది పొరపాటు. అందరూ కలిసి చూసి వస్తామన్నారు. ఖైరతాబాద్ రెండడుగులే కదా. అప్పటికప్పుడు ఆమెను సిరిసిల్లలో పుట్టింటికి పంపేశాను, ఆకు పసరు పోయిస్తున్నారని చెప్పి. అయితే పండ్లైనా పంపించమని సంచెడు బత్తాయిలు తెచ్చి నా చేతిలో పెట్టారు. ఆ ఆదివారం మేకుకు వేలాడుతున్న కోలల కింద కూర్చుని ఎనిమిది తిన్నాను. మిగతావి కింద ఇంటామెకిచ్చాను.

వానాకాలం మొదట్లో రాజమండ్రి ఆవిడ జతకు వాళ్లాయన బదిలీ మీద నిజామాబాద్ వెళ్లాల్సి వచ్చింది. గుడి వార్షికోత్సవానికి పది రోజులుంది. ఆ సాయంత్రం గుడి ముందర రోడ్డు మీదనే మా కోలాటం. గురువారం క్లాసు మొదలవగానే రాజమండ్రి ఆవిడ పక్కన ఖాళీ కనబడింది. ఆ ఖాళీ నాదే. పదమూడు మంది, నాతో పద్నాలుగు. ఆరు నెలలు స్తంభంతో ఆడిన మనిషికి ఇంకెవరు అడ్డు?

టీచరమ్మ నా వైపు తిరిగింది.

"మీ యారాలికి కామెర్లు తగ్గినయంటివి గద మొన్న?"

"తగ్గినయమ్మా."

"ఆమెకు మూడేండ్ల అనుభవం ఉన్నదంటివి. పది దినాలల్ల అందుకుంటది. పట్కరా, ఆమెను గీ జాగల నిలవెడ్త. నువ్వు జర ఈసారికి ఖంభం కాడనే ఉండు, ఏమనుకోకు. ఇది గుడి పని, తప్పులు వోవద్దు."

నేను రాసిన అనుభవంతో నా ఎదురుగానే నా ఉద్యోగం ఇంకొకరు తన్నుకుపోయారు. వేలమందికి మూడేళ్లు రాసిచ్చిన చెయ్యి నాకు నేను ఒక్క నెల కూడా రాసుకోలేదు. రాజమండ్రి ఆవిడ అప్పుడే చప్పట్లు కొడుతోంది: "హమ్మయ్య, చివరికి చూస్తానన్నమాట ఆవిణ్ని!"

అసూయ అంటారే, అదే. లేని మనిషి మీద నాకు ఒళ్లు మండిపోయింది.

"ఇంకెక్కడి యారాలమ్మా" అన్నాను. "కామెర్లు తిరగవెట్టినయ్. ఇయ్యాల పొద్దుగాలనే పోయింది."

గొంతు వణికింది ఇక్కడే. రాజమండ్రి ఆవిడ కోలలు కింద పడ్డాయి. ఎవరో నా భుజం పట్టుకుని కూర్చోబెట్టారు. నీళ్లు తెచ్చారు. కొంచెం సేపయ్యాక తేరుకుని, యారాలి జాగాలో నేను ఆడతాను, ఆమె ఆత్మ శాంతిస్తుంది అని చెబుదామని నోరు తెరవబోయాను. టీచరమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూస్తోంది.

"మీ ఆయన అన్న పెండ్లమే గద?"

"అవునమ్మా."

"ఇయ్యాల పొద్దుగాల పోతె నువ్వు గీడికెందుకొచ్చినవ్? గుడి ఇది! ఒకటే ఇంటి పేరు, పదకొండు దినాల అంటు నీకు. లే, లే, బయటికి నడువు. పదకొండో దినం తల మీద నీళ్లు వోసుకున్నంక రా."

ఉత్సవమేమో పదో రోజున.

"పెళ్లయిన చెల్లెలైతే మూడు రోజులతో పోయేదండీ" అంది రాజమండ్రి ఆవిడ ఏడుస్తూనే. "తోటికోడలంటే తప్పదు మరి."

చెల్లెలు! మొదటి రోజు ఆ ఒక్క మాట నోటికి రాలేదు. పోనీ, నిన్న పోయిందని ఉన్నా ఒక రోజు కలిసొచ్చేది. పుట్టించడంలో, చంపడంలో ఇంత అనుభవం పెట్టుకుని అంటు సంగతి మరిచిపోయాను. మెట్రో స్తంభాల కిందుగా ఇంటికి నడిచాను. ఒక్కో స్తంభం వస్తుంటే కోల ఎత్తబోయి మానుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం పరామర్శకు వస్తున్నామని టీచరమ్మ ఫోన్ చేసింది. ఈ గదిలో దిగిన ఆరేళ్లలో నా దగ్గరికి మనుషులు వస్తున్నది అదే మొదలు. సంతాపం మాట మరిచిపోయాను. నేల రెండుసార్లు తుడిచాను. రెండు లీటర్ల పాలు తెచ్చాను. కింద ఇంటామె దగ్గర పద్నాలుగు గ్లాసులు అడిగి తెచ్చుకున్నాను. ఏలకులు కూడా దంచాను. యారాలి కోలలు తీసి దాచాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి, మేకుకే ఉంచేశాను.

వచ్చారు. గది నిండిపోయింది, మెట్ల మీద కూడా కూర్చున్నారు. అందరూ యారాలి గురించే మాట్లాడుకున్నారు. జడ కథ ఒకామె చెప్పింది, నాకన్నా బాగా. నవ్వబోయి ఏడ్చారు. నేను చాయ్ మరిగించి గ్లాసుల్లో పోసి తెచ్చాను.

ఎవరూ చెయ్యి చాపలేదు.

"అంటు ఇల్లు గద చెల్లె" అంది ఒకామె మెల్లగా. "ఏమనుకోకు."

పద్నాలుగు గ్లాసులు పళ్లెంలో పట్టుకుని నిలబడ్డాను. పైన మీగడ కట్టింది.

అప్పుడే కింద ఇంటామె పైకొచ్చింది. ఆమె ఆదివారం చర్చికి పోయొచ్చిన తెల్ల చీరలోనే ఉంది. ఇంతమంది ఎందుకొచ్చారో అడిగితే, మా యారాలు పోయిందని రాజమండ్రి ఆవిడ చెప్పింది. ఇంటామె నా వైపు చూసింది. ఆయన ఒక్కడే కొడుకని ఆమెకు తెలుసు. ఇల్లు కిరాయికి తీసుకున్న రోజే చెప్పాను.

ఆమె నా చేతిలోంచి పళ్లెం తీసుకుని గట్టు మీద పెట్టింది. "జర ప్రార్థన జేస్త" అని కళ్లు మూసుకుంది. దుఃఖంలో ఉన్న ఈ చెల్లెను ఆదుకో ప్రభువా, ఈ ఇంట్ల ఒంటరితనాన్ని నువ్వు చూస్తున్నవు ప్రభువా, అంటూ చాలాసేపు చేసింది. పోయినామె గురించి ఒక్క ముక్క లేదు.

చావింటి నుంచి పోయేటప్పుడు వెళ్లొస్తాం అనకూడదు. అందరూ లేచి, ఏమీ అనకుండా, వెనక్కి చూడకుండా మెట్లు దిగిపోయారు. ఆ మధ్యాహ్నం రెండు లీటర్ల పాల చాయ్ పారబోస్తుంటే నాకు నిజంగా ఎవరో పోయినట్టే ఉంది.

మూడు రోజుల తర్వాత ఇంటామె గ్లాసుల కోసం వచ్చింది.

"కోలల సప్పుడు ఇనొస్తలేదేంది?"

"అంటు గద అక్కా."

"ఎవ్వల అంటు?" అంది. గ్లాసులు అందుకుంటూ, "ఆడుకో. గుడ్డ సుత తీసెయ్యి. కింద నేను ఒక్కదాన్నే ఉంట. నాకు గా సప్పుడు అలవాటైంది" అంది.

ఆమె దిగిపోయాక కోలలు తీశాను. కిటికీ ముందు నిలబడ్డాను. ఊచలు ఊచల్లాగే కనబడ్డాయి. నాకన్నా పొడుగైన మనిషి, నాలుక కరుచుకునే మనిషి, రాలేదు. ఎంత పిలిచినా రాలేదు. ఆ సాయంత్రం గదిలో మాట్లాడటానికి నాకు ఎవరూ లేరు.

పదో రోజు సాయంత్రం గుడి వైపు పోయాను. గడప తొక్కొద్దన్నారు గానీ రోడ్డవతల నిలబడొద్దని ఎవరూ అనలేదు. పూలమ్మే ఆమె గొడుగు చాటున నిలబడ్డాను. అందరూ ముదురాకుపచ్చ చీరల్లో వచ్చారు. నా బ్యాగులో కూడా అదే చీర ఉంది, ముందే కొనుక్కున్నాను. టీచరమ్మ ఇంకొకరిని తెచ్చుకుని ఉంటుందనుకున్నాను. తేలేదు. పదమూడు మంది నిలబడ్డారు, ఒక జాగా ఖాళీగా వదిలేశారు.

పాట మొదలైంది. గుండ్రం తిరిగింది. జతలు దాటుకుంటూ పోతుంటే ఆ ఖాళీ కూడా వాళ్లతో పాటు తిరిగింది. దాని ఎదుటికి వచ్చిన ప్రతి మనిషీ కోల ఎత్తి, మనిషి కళ్లుండే ఎత్తులో చూసి, సరిగ్గా లెక్క మీద గాలికి కొట్టింది. ఒక్కరూ తప్పలేదు. పదమూడు మందిలో ప్రతి ఒక్కరూ అక్కడ ఎవరో ఉన్నట్టే చూశారు. నేను ఆరు నెలలు లేని మనిషికి కోలలు కొట్టాను. ఇప్పుడు వీళ్లందరూ కొడుతున్నారు. ఆ చూపు నాకు కావాలి. ఆ చూపు పడే చోట నిలబడాల్సినదాన్ని రోడ్డవతల గొడుగు చాటున ఉన్నాను.

బ్యాగులోంచి కోలలు తీసి, ఆ ఖాళీ వంతు వచ్చినప్పుడల్లా నేను కూడా కొట్టాను, ఒకదానికొకటి, మెల్లగా. పూలామె నన్నొకసారి చూసి బంతిపూల బుట్ట కొంచెం పక్కకు జరుపుకుంది.

పన్నెండో రోజు గురువారమో శనివారమో కాకపోయినా టీచరమ్మ క్లాసు పెట్టింది. తల మీద నీళ్లు పోసుకుని, యారాలి కోలలు కూడా పట్టుకుని పోయాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. షెడ్డులో అందరూ కూర్చున్నాక నిలబడి చెప్పాను.

"మా యారాలు సచ్చిపోలే. అసలు నాకు యారాలే లేదు. మా ఆయన ఒక్కడే కొడుకు. జత లేకుంటె రానియ్యరని గట్ల చెప్పిన. అంత నేను అల్లిందే."

చెప్పడం అయిపోయాక ఏడుపొచ్చింది. పదకొండు రోజులుగా రానిది ఒక్కసారే వచ్చింది. ఎంతకీ ఆగలేదు.

రాజమండ్రి ఆవిడ లేచి వచ్చి నన్ను గట్టిగా పట్టుకుంది. "అలా అనకండి. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇంతే. అమ్మే లేదు, ఎప్పుడూ లేదు అనుకుంటే బాధ తగ్గుతుందేమోనని నెల రోజులు ఫొటో తిప్పి పెట్టానండీ."

"నిజంగనే లేదక్కా."

"ఆసుపత్రిల గిట్లాంటోళ్లను మస్తు మందిని జూసిన" అంది టీచరమ్మ, నా తల నిమురుతూ. "ఏడ్వు, ఏడ్వు. ఫికర్ జెయ్యకు. మెల్లగ తగ్గుతది."

నా జీవితంలో మొదటిసారి అచ్చమైన నిజం చెప్పాను. ఒక్కరు కూడా నమ్మలేదు. మళ్లీ చెబుదామనుకున్నాను. కానీ రాజమండ్రి ఆవిడ చెయ్యి నా వీపు మీద ఉంది. తొమ్మిదేళ్లలో అక్కడ ఎవరి చెయ్యీ పడలేదు. ఊరుకున్నాను.

ఉత్సవంలో రాజమండ్రి ఆవిడ కోల ఒకటి చీలిందట. నా చేతిలో ఉన్నవి చూసి టీచరమ్మ, "అవి మీ యారాలివే గద? ఈమెకియ్యి. ఇయ్యాల్టి సంది మీరిద్దరు జత" అంది.

ఇచ్చాను. ఆవిడ వాటిని కళ్లకద్దుకుంది. ఎదురెదురుగా నిలబడ్డాం. లెక్క మొదలైంది. ఆవిడ కళ్లలోకి చూశాను. కోల తగలగానే దెబ్బ మణికట్టు దాటి మోచేయి దాకా ఝల్లుమంది. ఇనప స్తంభానికి నేను కొట్టడమే గానీ, అది ఒక్కసారి కూడా తిరిగి కొట్టలేదు. లెక్క తప్పాను. ఆవిడ నాలుక కరుచుకుని నవ్వింది.

విరామంలో జడ కథ చెప్పమన్నారు. చెప్పాను. ఈసారి జడ ఇంకో మూర పెరిగింది.

ఇంటికొచ్చి తాళం తీశాను. నా కోలలు మేకుకు తగిలించాను. పక్కన యారాలి మేకు ఖాళీగా ఉంది. కాసేపు దాన్నే చూస్తూ నిలబడి, తర్వాత ఊచలకు చుట్టిన గుడ్డ విప్పేశాను. కింద ఇంటామె వింటుందని గుర్తొచ్చి, కోలలు మళ్లీ తీశాను.